మొహమాటానికి నరికిన పొద

మా పెరటి చివర ఒక బక్‌థార్న్ పొద ఉండేది. పొద అనడం మర్యాదకి. అరవై అడుగుల పొడవు, పదిహేనడుగుల ఎత్తు, ఒంటినిండా ముళ్ళు. ఇటు సగం నాది, అటు సగం పక్కింటి లోవెల్‌ది. మిన్నెసోటాలో బక్‌థార్న్ అంటే ఊరందరికీ కడుపుమంట. ఎప్పుడో ఎవరో కంచె కోసం తెచ్చి నాటితే అది కంచె దాటి అడవంతా పాకింది, తక్కిన మొక్కల్ని తలెత్తనివ్వడం లేదు, కనక ఎవరి పెరట్లోది వారు పీకెయ్యండి అని టౌన్ ఆఫీసు వాళ్ళు ఏటా కరపత్రం పంచుతారు. నేను ఏటా దాన్ని శ్రద్ధగా చదివి, శ్రద్ధగా మడిచి, గరాజ్‌లో కుంటి బల్ల కాలి కింద పెట్టేవాణ్ణి. పదకొండేళ్ళలో ఆ బల్ల రెండంగుళాలు పెరిగింది. పొద పదడుగులు పెరిగింది.

ఎందుకు పీకలేదంటే, దాని నడిమధ్యలో నా మడత కుర్చీ ఉండేది.

నా పేరు కర్ట్. ఊళ్ళో హార్డ్‌వేర్ కొట్టులో ముప్పై ఏళ్ళుగా కౌంటర్ వెనక నిలబడుతున్నాను. నాకు జోకులేసే జబ్బుందని అందరికీ తెలుసు. మేకులు కొనడానికొచ్చినవాడు మేకులు తీసుకుని పోడు, ఇంకా ఏదో రావాలన్నట్టు నిలబడతాడు. కొట్టులో మేకు నేనే ఇవ్వాలి, చర్చి విందులో మైకూ నేనే పట్టాలి. చావింట్లో కూడా నా వంక చూసి పెదాలు బిగబట్టుకుంటారు, వీడేమంటాడో అని. అలవాటు నేనే చేశాను కాబట్టి అనుభవించేదీ నేనే. అందుకని రోజూ సాయంత్రం అయిదున్నర నుంచి ఆరింటి దాకా, మంచు పడే రోజులు వచ్చేవరకు, ఆ పొదలోకి దూరి కుర్చీలో కూర్చుని, ఎవర్నీ నవ్వించకుండా ఉండేవాణ్ణి. అంతే పని. ఆ అరగంట బలంతోనే తక్కిన ఇరవై మూడున్నర గంటలు నెట్టుకొచ్చేవాణ్ణి. ఇంట్లో మా ఆవిడ డెనీస్‌కి మాత్రం "గడ్డి కోసే మిషన్‌లో ఆయిలు చూసొస్తా" అని చెప్పేవాణ్ణి. పదకొండేళ్ళు రోజూ ఆయిలు చూపించుకున్న మిషన్ ఈ దేశం మొత్తమ్మీద మాదొక్కటే.

ఇక లోవెల్. డెబ్భై రెండేళ్ళవాడు. ముప్పై ఒక్క సంవత్సరాలు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. మాట మొదలుపెట్టాలంటే "వెల్" అంటాడు, ముగించాలన్నా "వెల్" అంటాడు, మధ్యలో ఏమన్నాడో మనం ఊహించుకోవాలి. పేరులోనే ఉంది కదా, లో ఏముందో వెల్ అనే మూత తీస్తే గాని తెలియదు.

సెప్టెంబరు చివర్లో ఒక శనివారం ఇద్దరం చెత్త డబ్బాలు లోపలికి లాక్కుంటూ ఎదురయ్యాం.

"వెల్," అన్నాడు.

"ఊఁ," అన్నాను.

"చలి మొదలైనట్టుంది."

"ఇంకా పర్వాలేదు."

"ఆఁ, పర్వాలేదు." వెనక్కి తిరిగి పొద వంక చూశాడు. "ఈ ఏడు అది కాస్త చిక్కబడినట్టుంది."

"అవును, చిక్కబడింది."

"వెల్, సరే మరి," అని డబ్బా లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

మా వైపు ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. కూర అస్సలు బాగాలేకపోతే "కొత్తగా ఉంది" అంటారు. పక్కవాడి ఇల్లు తగలబడుతుంటే "మీ వైపు కాస్త వెచ్చగా ఉన్నట్టుంది" అంటారు. అలాంటిచోట, ఇరవై ఏళ్ళ పరిచయంలో ఎన్నడూ నా పెరడు ఊసెత్తని మనిషి "కాస్త చిక్కబడింది" అన్నాడంటే అది కోర్టు నోటీసు కింద లెక్క.

ఇంట్లోకి వెళ్ళి డెనీస్‌తో చెప్పాను. డెనీస్‌ది న్యూజెర్సీ. అక్కడివాళ్ళకి కడుపులో మాట నోటిదాకా రావడానికి మధ్యలో ఎక్కడా ఎర్ర దీపం ఉండదు.

"వెళ్ళి అడుగు, ఆ పొద కొట్టెయ్యమంటావా అని," అంది.

"అలా అడక్కూడదు."

"ఏం?"

"అడిగితే వద్దంటాడు."

"వద్దంటే మానెయ్. నీకూ అదే కావాలి కదా."

"వద్దన్నాడంటే కొట్టెయ్యమని అర్థం."

"మరి కొట్టెయ్యమంటే?"

"అలా ఎవరూ అనరు డెనీస్."

"పెళ్ళికి ముందు మీ అమ్మ నాతో 'నీ జుట్టు కొత్తగా ఉంది' అంది. నేను థాంక్స్ చెప్పాను," అని డెనీస్ వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మనుషుల్ని పెట్టి పొద కొట్టించొచ్చు. కాని హార్డ్‌వేర్ కొట్టువాడు తన పెరడు శుభ్రం చెయ్యడానికి కూలీలని పిలిచాడంటే ఊరు ఊరుకోదు. పైగా నా లెక్క నాకుంది. నేనే చేస్తే నెమ్మదిగా చెయ్యొచ్చు. నెమ్మదిగా చేస్తే సగంలో మంచు పడొచ్చు. మంచు పడితే వసంతం దాకా ఆగొచ్చు. ఆగితే లోవెల్ మర్చిపోవచ్చు. మర్యాదా దక్కుతుంది, నా అరగంటా దక్కుతుంది. అందుకే పొదకి ఆ చివర, నా కుర్చీకి అన్నిటికంటే దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టాను.

నా రంపం వాడి కాదు, వాడనిది. రెండు గంటల్లో నాలుగు కొమ్మలు కోసి, ఎనిమిది చోట్ల గీరుకుని, ఒక కన్ను త్రుటిలో తప్పించుకున్నాక తెలిసిందేమంటే, నరకడానికీ నరకానికీ మధ్య ఆ 'డ' ఒక్కటే అడ్డం. అప్పుడు వచ్చాడు లోవెల్, జేబుల్లో చేతులు పెట్టుకుని.

"వెల్. పనిలో పడ్డట్టున్నావు."

"ఏదో, కొంచెం."

"నా కోసమైతే ఇంత కష్టం ఎందుకు కర్ట్."

మా పద్ధతి చెప్పాలి. ఎవరేమిచ్చినా రెండుసార్లు వద్దనాలి, మూడోసారి పుచ్చుకోవాలి. కాఫీకైనా అంతే, కిడ్నీకైనా అంతే. ఇది మొదటి 'వద్దు'.

"కష్టమేముంది," అన్నాను.

"లేదు, నిజంగానే. నా కోసం వద్దు."

ఇది రెండోది. మూడోసారి కూడా వద్దన్నాడంటే నిజంగానే వద్దని అర్థం, రంపం కింద పడేద్దామని వేళ్ళు వదులు చేసి సిద్ధంగా ఉన్నాను. కాని ఆ సిద్ధంగా ఉండడంలో నోరు ఊరికే ఉండక, "అబ్బే, ఎప్పట్నుంచో చేద్దామనుకుంటున్నదే," అనేసింది.

లోవెల్ మూడోసారి అనలేదు. పొద వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. "అలాగా," అన్నాడు. ఇంటికి వెళ్ళి, నిలువెత్తు ఇనుప మీట ఒకటి మోసుకొచ్చాడు. దానికి కింద దవడలుంటాయి. కాండాన్ని పట్టించి పిడి వెనక్కి వంచితే మొక్క వేళ్ళతో సహా లేచి వస్తుంది. నేను గంటలో ఒకటి కొడితే అది నిమిషానికొకటి పీకుతుంది. నా మంచు లెక్క మొత్తం ఆ దవడల్లో పడి నలిగిపోయింది.

"నువ్వు వద్దు లోవెల్, నీ నడుము," అన్నాను.

"పర్వాలేదు."

"నిజంగా వద్దు."

"చేద్దామనుకున్న పని అన్నావుగా," అని మొదటి మొక్క పీకేశాడు.

రెండో శనివారానికి పొద రెండు చివరల నుంచీ తరిగిపోయింది. పీకడానికి రాని లావుపాటి చెట్లని కోసి, కోసిన వెంటనే మోడు మీద నీలం రంగు మందు పుయ్యాలి, లేకపోతే మళ్ళీ చిగుర్లేస్తాయి. మోడు మోడుకీ నీలం బొట్టు పెట్టుకుంటూ పోయాం. చెట్టు వేళ్ళు పోయాయో లేదో గాని నా వేళ్ళు మాత్రం పోయాయి. ఆ మాటే లోవెల్‌తో అన్నాను. "అది మంచిదే," అన్నాడు, నవ్వకుండా. మా ఊళ్ళో నా జోకులకి నవ్వనివాడు అతనొక్కడే. అందుకే అతని పక్కన పని చెయ్యడం హాయిగా ఉంది, చేస్తున్న పనే ప్రాణం తీస్తోంది.

పదింటికి లోవెల్ బార్లు తెచ్చాడు. తాగే బార్లు కాదు, తినే బార్లు. పిండిలో నిమ్మరసం పోసి పళ్ళెంలో కాల్చి, నలుచదరంగా కోసే తీపి ముక్కలు. అన్నీ తినేశాక ఒకటి మిగిలింది. మా వైపు ఆఖరిది ఎవరూ తీసుకోరు. లోవెల్ దాన్ని సగం కోసి సగం తిన్నాడు. నేను మిగిలిన సగంలో సగం తిన్నాను. అతను ఆ పాతికలో సగం. చివరికి పళ్ళెంలో ఒక చీమ మాత్రమే మొహమాటపడకుండా తినగలిగినంత మిగిలింది.

అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పక్షుల మీదికి పోయాను.

"ఇదంతా పోతే పక్షులకి ఇబ్బందేమో లోవెల్."

లోవెల్ పళ్ళెం వంక చూస్తూ కూర్చున్నాడు. "వెల్, సర్దుకుంటాయి," అన్నాడు. గొంతు జీరబోయింది. రంపపు పొట్టు అనుకున్నాను.

ఆ సాయంత్రం బూట్లు విప్పుతుంటే డెనీస్ నడుముకి రాసుకునే మందు తెచ్చి పక్కన పెట్టింది.

"మిషన్ గరాజ్‌లో ఉంటుంది. నువ్వు పొదలో ఏం ఆయిలు చూస్తావు కర్ట్?" అంది.

నేను రెండో బూటు లేసు ముడి మీదికి వంగాను.

"పదకొండేళ్ళ నుంచి తెలుసు. ఆరింటికి లోపలికి వచ్చేటప్పుడు నీ ముఖం నాకు నచ్చుతుంది, అందుకే అడగలేదు. ఇప్పుడు ఆ ముఖం పోబోతోంది. వెళ్ళి ఆయనకి చెప్పు, నాకు ఇది కావాలి అని. మూడు మాటలు."

"రెండు వారాలు పని చేయించుకుని, ఇప్పుడా? డెబ్భై రెండేళ్ళ మనిషి. పడ్డ కష్టమంతా వృథా అని ఆయన ముఖం మీద చెప్పనా?"

"చెప్పకపోతే మాత్రం వృథా కాదా?" అంది.

మూడో శనివారం. మధ్యలో ఒక్క గుబురు మిగిలింది. అందులోనే నా కుర్చీ. అతని కంట పడకముందే కుర్చీ తీసెయ్యాలని ఆరున్నరకే లేచి వెళ్ళాను. అటువైపు అప్పటికే లోవెల్ నిలబడి ఉన్నాడు.

"పొద్దున్నే వచ్చావు," అన్నాడు.

"పొద ఉంది కదా, పొద్దున్నే," అన్నాను. "నువ్వూ పొద్దున్నే."

"ఊరికే. నిద్ర పట్టక."

ఇద్దరం కాసేపు నిలబడ్డాం. అతను వెళ్తాడేమో అని నేను, నేను వెళ్తానేమో అని అతను. ఎవరూ వెళ్ళలేదు. ఇంక చేసేది లేక పని మొదలుపెట్టాం. నేను ఇటునుంచి, అతను అటునుంచి, ఇద్దరికీ ఎక్కడలేని నీరసం. కొమ్మ కోసి, దాన్ని కుప్ప దాకా తీసుకెళ్ళి, కుప్పలో సర్ది, సర్దింది బాగుందో లేదో చూసి, మళ్ళీ వచ్చి ఇంకో కొమ్మ. అయినా తొమ్మిదింటికల్లా పొద పల్చబడింది. నా పచ్చ కుర్చీ బయటపడింది. ఏదో ఒక కథ చెప్పాలి కదా, గాలికి కొట్టుకొచ్చిందందామా అనుకుంటూ తలెత్తి చూస్తే, దాని వెనక ఏడడుగుల దూరంలో, కాండాల మధ్య నుంచి, గోధుమరంగు బస్సు డ్రైవరు సీటు కనిపించింది. చెక్క మీద బోల్టులు వేసి బిగించి ఉంది. చిరిగినచోట టేపు అంటించి ఉంది. నా కుర్చీ వీపు, దాని వీపు ఎదురెదురుగా.

లోవెల్ మీట కింద పెట్టాడు.

"అది నీ కుర్చీ," అన్నాడు. అడిగినట్టు లేదు.

"అది నీ సీటు."

"వెల్."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రిటైరైన దగ్గర్నుంచి. ఎనిమిదేళ్ళు. నువ్వు అంతకు ముందు నుంచే."

"నీకు తెలుసా?"

"అయిదున్నరకి నీ కుర్చీ కిర్రుమంటుంది. ఆరింటికి మళ్ళీ కిర్రుమంటుంది. ఆ మధ్యలో నేను కదిలేవాణ్ణి కాదు, నీకు ఇబ్బంది అని."

"ఎనిమిదేళ్ళలో ఒక్కసారి దగ్గనైనా దగ్గలేదేమయ్యా."

"మింగేవాణ్ణి." లోవెల్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నువ్వు ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం ఊళ్ళో ఎవరూ విని ఉండరు. చెడగొట్టడం ఎందుకని."

నా నోటికి ఏ జోకూ రాలేదు. అతనే మళ్ళీ మాట్లాడాడు. ఒక్క ఊపున అన్ని మాటలు అతని నోట నేనెప్పుడూ వినలేదు.

"ముప్పై ఒక్కేళ్ళు బస్సు నడిపాను కదా. ఎవరు కనపడినా చెయ్యి ఊపాలి. పిల్లలకి, వాళ్ళ తల్లులకి, ఎదురొచ్చే ట్రాక్టరుకి. రిటైరైనా అంతే. వాకిట్లోకొస్తే ఊపాలి, కొట్టుకెళ్తే ఊపాలి. అక్కడ కూర్చుంటే ఊపక్కర్లేదు."

అంతలో డెనీస్ కాఫీ ఫ్లాస్కుతో వచ్చింది. కుర్చీ చూసింది, సీటు చూసింది, నేల మీద కుప్పలుపోసిన అరవై అడుగుల పొద చూసింది.

"ఇది కొట్టెయ్యమని ఎవరన్నారు?" అంది.

"కర్ట్ ఎప్పట్నుంచో చేద్దామనుకుంటున్నాడట," అన్నాడు లోవెల్.

"చిక్కబడిందని నువ్వే కదా అన్నావు," అన్నాను నేను.

"చిక్కబడిందనే అన్నాను. ఇంక రోడ్డు మీంచి కూడా కనపడం అని. సంతోషంగా అన్నాను."

"అది సంతోషమా?"

"నాకు అంతే ఉంటుంది," అన్నాడు లోవెల్, కొంచెం నొచ్చుకుని.

డెనీస్ ఫ్లాస్కు నా కుర్చీలో పెట్టింది. "మా న్యూజెర్సీలో అయితే, దాని మీద చెయ్యేస్తే చెయ్యి విరుస్తా అని కిటికీలోంచి ఒక్క అరుపుతో తేలిపోయేది. రెండు నడుములూ మిగిలేవి, పొదా మిగిలేది. మీది మర్యాద కాదు, మాయరోగం."

మా మధ్య ఛాతీ ఎత్తు మొక్క ఒక్కటి మిగిలింది.

"నువ్వు కానియ్," అన్నాడు లోవెల్.

"లేదు, నువ్వే."

ఎవరమూ కానివ్వలేదు. ఆఖరిది కదా. లోవెల్ తన సీటు భుజాన వేసుకుని గరాజ్‌లోకి తీసుకెళ్ళాడు. నేను నా కుర్చీ మడిచాను. అది కిర్రుమంది. అటు నడుస్తున్న లోవెల్ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచాడు.

ఆ చలికాలం ఎలా గడిచిందో చెబితే సిగ్గుచేటు. పొద పోయాక మా వంటింటి కిటికీ వాళ్ళ వంటింటి కిటికీకి ఎదురుగా పడింది. నేను గుడ్డు పగలగొడదామని తలెత్తితే లోవెల్ చెయ్యి ఊపుతాడు. నేనూ ఊపుతాను. ఇద్దరం ఊపుకున్నాక కూర్చుంటాం. ఉప్పు కోసం లేస్తే మళ్ళీ ఊపాలి. తెర వేద్దామంటే, చూస్తుండగా తెర వేస్తే ముఖం మీద తలుపేసినట్టు కదా. చూడనప్పుడు వేద్దామంటే, చూడనప్పుడు వేశాడని అనుకోడూ. తను చెయ్యి ఊపక్కర్లేని ఒకే ఒక్క జాగాని నరికించి, నేను అతనికి రోజుకి నలభైసార్లు ఊపే ఉద్యోగం ఇచ్చాను, పెన్షను వయసులో. టౌన్ ఆఫీసు వాళ్ళు మాత్రం తమ పత్రికలో మా ఇద్దరి ఫొటో వేసి 'ఆదర్శ పొరుగువారు' అని రాశారు. ఫొటోలో ఇద్దరం చెయ్యి ఊపుతున్నాం.

నా సంగతి అంతకంటే అన్యాయం. అయిదున్నరకి గరాజ్‌లో మిషన్ పక్కన కుర్చీ వేసుకుని చూశాను. తలుపు తెరిచి ఉంటే దారినపోయేవాడు ఆగి "ఏదీ, ఒకటి వదులు" అంటాడు. మూసుకుంటే డెనీస్ వచ్చి ఊపిరాడుతోందా అని చూస్తుంది. జోకులు ఎక్కువయ్యాయి, రుచి తగ్గింది. మార్చి నెలలో ఒకరోజు కొట్టులో ఒకావిడ నా జోకు విని "కొత్తగా ఉంది" అంది.

మే నెలలో మంచు తడి ఆరాక పెరటి చివరికి వెళ్ళాను. మేము పెళ్ళగించిన నేలంతా వేలెడు ఎత్తున పచ్చగా ఉంది. వంగి చూశాను. బక్‌థార్న్. ఏళ్ళ తరబడి రాలి మట్టిలో పడివున్న గింజలన్నీ, మీదున్న నీడ పోయేసరికి ఒక్కసారి లేచాయి. ఒకటీ రెండూ కాదు, వేలు. ఆ వసంతం వచ్చిన కరపత్రంలో దీని గురించే ఉంది. పొద తీసేసిన ఏడాదే మొలకలు దండుగా వస్తాయి, అప్పుడే పీకెయ్యాలి, రెండు వేళ్ళతో వచ్చేస్తాయి, ఆలస్యం చేస్తే పదేళ్ళలో మళ్ళీ పొదే అని.

అటువైపు లోవెల్ కూడా వచ్చి నిలబడ్డాడు. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఇద్దరం కిందికి చూశాం.

"వెల్," అన్నాడు. "కాస్త పచ్చబడినట్టుంది."

ఈసారి అది సంతోషమో, ఫిర్యాదో నాకు అర్థం కాలేదు. ఎప్పట్లాగే ఊహించుకుని ఏదో ఒకటి అనేద్దామని నోరు తెరిచాను. వెనక్కి తిరిగి చూస్తే, కిటికీలో డెనీస్ నిలబడి మూడు వేళ్ళు చూపిస్తోంది. మూడు మాటలు. కొట్టులో కౌంటరు వెనక ముప్పై ఏళ్ళు నిలబడి ఏ రోజూ పడనంత భయపడ్డాను.

"లోవెల్," అన్నాను. "పీకాలంటే పీకొచ్చులే. పీకకపోయినా నాకు పర్వాలేదు."

లోవెల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అంత గట్టిగా చెప్పక్కర్లేదు కర్ట్," అన్నాడు. "నాకు వినపడుతుంది."

తర్వాత వెళ్ళి తన గడ్డి మిషన్ తీశాడు. పెరడంతా బారులు బారులుగా కోసుకుంటూ వచ్చి, మొలకలకి మూడడుగుల ఇవతల మలుపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. నేనూ నా మిషన్ బయటికి లాగాను. స్టార్టు చెయ్యబోయి, ఎందుకైనా మంచిదని మొదట ఆయిలు చూశాను. చుక్క లేదు.